ఊళ్లోకి వెళ్లే ముందు నీ ప్రశ్నపత్రం మళ్లీ చూడు

పర్లాకిమిడి

చిరంజీవి సుధకి పెదనాన్న ఆశీస్సులు.

ఒడిశాలోని గజపతి జిల్లాలో బీపీ, పొగాకు మీద నువ్వు చేయబోయే సర్వే ప్రశ్నపత్రం అందింది. కష్టపడి రాశావు. కానీ దీన్ని పట్టుకుని అప్పుడే ఊళ్లలోకి వెళ్లకు తల్లీ.

"మీకు బీపీ ఉందా?" అని మొదలుపెట్టావు. కాశీనగర్ పక్క ఊళ్లో ఎన్నడూ బీపీ చూపించుకోని మనిషి "లేదు" అంటాడు. పోయినేడు చూపించుకుని, బాగానే ఉందనిపించుకున్న మనిషీ "లేదు" అనే అంటాడు. నీ లెక్కల్లో ఇద్దరూ ఒకటైపోతారు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల స్టెప్స్ ప్రశ్నపత్రం విడగొట్టి అడుగుతుంది: డాక్టరు గానీ ఆరోగ్య కార్యకర్త గానీ మీకు ఎప్పుడైనా బీపీ చూశారా, ఎక్కువుందని చెప్పారా, గత రెండు వారాల్లో మందు వేసుకున్నారా. మొదటిదానికి "లేదు" అంటే మిగతావి దాటెయ్యాలి. ఎక్కడికి దాటాలో ఆ ప్రశ్న పక్కనే రాయి. ఎండలో నిలబడి ఫారం నింపే పిల్ల పేజీలు తిప్పి వెతుక్కోలేదు.

"మందులు క్రమం తప్పకుండా వాడుతున్నారా?" అన్నది తీసెయ్. పక్కన ఆశా కార్యకర్త కూర్చుని ఉండగా కాదని ఎవరంటారు? "నిన్న బీపీ మాత్ర వేసుకున్నారా?" అను, వీలైతే స్ట్రిప్ చూపించమను. నిన్నటి సంగతి గుర్తుంటుంది, ఒప్పుకోవడానికి మొహమాటమూ తక్కువ.

పొగాకుని ఒక్క ప్రశ్నతో సరిపెట్టావు, నాకు అన్నిటికంటే బాధనిపించింది అక్కడే. గుడాఖు అనే పొగాకు ముద్దతో పళ్లు తోముకునే ఆడవాళ్లు చాలామంది దాన్ని పొగాకు కింద లెక్కవేసుకోరు. పొద్దున్న పళ్లు దేనితో తోముకున్నారని అడుగు, తెలిసిపోతుంది. బీడీ, చుట్ట, ఖైనీ, గుట్కా, జర్దా పాన్ ఒక్కొక్కటీ పేరుపెట్టి విడిగా అడగాలి. చుట్ట అన్నవాళ్లని అడ్డపొగా అని కూడా అడుగు. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చేవాళ్లకి అంగిలి క్యాన్సర్ ముప్పు ఎక్కువ. శ్రీకాకుళం వైపు ముసలమ్మల్లో ఉన్న అలవాటే ఇది. మామూలు చుట్టతో కలిపేస్తే తర్వాత విడదీయలేవు. కోడల్ని ఈ సంగతులు అత్తగారి ఎదుట అడగకు.

"ఎన్నేళ్ల నుంచి?" అంటే చాలామంది తడుముకుంటారు. తుఫాన్లని గుర్తుగా పెట్టి అడుగు: ఫైలిన్ 2013 అక్టోబరు, తిత్లీ 2018 అక్టోబరు. తిత్లీకి ముందా తర్వాతా అంటే ఠక్కున చెప్తారు, గజపతిలో ఆ తుఫాను మర్చిపోయినవాళ్లు ఉండరు.

కులం, ఆదాయం చివరికి పెట్టు. ఒడియా, సవర అనువాదాలు ఒకరు చేస్తే, అసలు పత్రం చూడని ఇంకొకరి చేత మళ్లీ తెలుగులోకి చేయించి పోల్చుకో. సర్వేలో లేని ఊళ్లో కొందరిని అడిగి చూడు. జవాబు రాసుకుని ఊరుకోకు, ప్రశ్న ఏమర్థమైందో వాళ్ల మాటల్లోనే చెప్పించుకో. తడబడిన ప్రశ్నని మార్చి మళ్లీ అడుగు. దీనికి పట్టే టైమ్ చూసి టెన్షన్ పడకు, గైడ్‌తో కావాలంటే నేను మాట్లాడతాను.

ఇంకొకటి, ఇది మాత్రం నా మాట కాదనకు. బీపీ బాగా ఎక్కువ కనబడినవాళ్లకి చీటీ రాసిచ్చి పీహెచ్‌సీకి పంపే ఏర్పాటు చేసుకోకుండా ఒక్క ఇంటి గుమ్మం కూడా ఎక్కొద్దు. అక్కడి డాక్టరుతో ముందే మాట్లాడి, ఏ రోజు పంపితే చూస్తారో ఆ చీటీ మీదే అచ్చు వేయించు.

నీ పెదనాన్న