ప్లేటు తెమ్మంటే ఖాళీ కంచం కాదు

ప్రశ్న: మేడమ్, నేను డిగ్రీ ఫైనలియర్ చదువుతున్నాను. ఇంగ్లీష్ బాగుపడాలని ప్రతి ఆదివారం న్యూజిలాండ్‌లో ఉండే ఒక రిటైర్డ్ నర్సుతో వీడియో కాల్‌లో మాట్లాడుతున్నాను. మొన్న వాళ్ల వీధివాళ్లంతా ఒకచోట కలుస్తున్నారనీ, అందరినీ ‘బ్రింగ్ ఎ ప్లేట్’ అన్నారనీ చెప్పింది. “వాళ్లింట్లో ప్లేట్లు లేవా?” అని అడిగేశాను. ఆవిడ నవ్వితే నాకు తల కొట్టేసినట్టయింది. అప్పటి నుంచి ఆ దేశం గురించి చదువుతున్నాను, వదలబుద్ధి కావడం లేదు. మా నాన్న మాత్రం “గ్రామర్ చదువుకోక ఆ దేశం గొడవ నీకెందుకు?” అంటున్నారు. నిజంగా టైమ్ వేస్ట్ చేస్తున్నానా? ఇంకో టెన్షన్ కూడా ఉంది. ఆవిడ ‘పెన్’ అంటే నాకు ‘పిన్’ అని వినిపిస్తోంది.
– ఒక విద్యార్థిని, గాజువాక

జవాబు: అమ్మా, ముందు ఆ ప్లేటు సంగతి తేల్చేద్దాం. న్యూజిలాండ్‌లోనూ ఆస్ట్రేలియాలోనూ ‘బ్రింగ్ ఎ ప్లేట్’ అంటే తినడానికి ఏదో ఒకటి చేసి పట్టుకురమ్మని. కొత్తగా వెళ్లినవాళ్లు ఖాళీ ప్లేటుతో వెళ్లి గుమ్మంలో నిలబడిపోయిన కథలు అక్కడ చాలానే చెప్పుకుంటారు. నువ్వు సిగ్గుపడాల్సిందేమీ లేదు. మనం కార్తీక వనభోజనాలకి ముడసర్లోవ వెళ్లేటప్పుడు ఒకరు పులిహోర, ఒకరు దప్పళం అని పంచుకుంటూ “మీ వంతు ఏంటి?” అని అడుగుతాం. ఆ మాటలో వంట ఎక్కడా లేదు, అయినా మనకి తెలుస్తుంది. ఇదీ అంతే. రేపు ఆవిడ ‘డెయిరీ’కి వెళ్లొచ్చానంటే పాలకేంద్రం అనుకునేవు. అది వీధి చివర చిల్లర కొట్టు.

నాన్నగారికి నా మాటగా ఒకటి చెప్పు. మా నాన్న పోర్టులో కళాసీ. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, ఓడ మీద వచ్చిన ఒక నావికుడు ఇచ్చాడని న్యూజిలాండ్ కేలండర్ ఒకటి తెచ్చారు. డిసెంబర్ పేజీలో సముద్రపు ఒడ్డున ఎర్రగా విరగబూసిన చెట్టు, దాని నీడలో చేతుల్లేని చొక్కాలు వేసుకున్న పిల్లలు, కింద ‘సమ్మర్’ అని అచ్చు. తప్పు పడిందనుకుని పెన్సిల్‌తో కొట్టేసి ‘వింటర్’ అని దిద్దాను. మర్నాడు మా సోషల్ మాస్టారు గ్లోబు తెచ్చి, భూమధ్యరేఖకి ఆవల మన చలికాలం వాళ్లకి ఎండాకాలమని చూపించారు. ‘సమ్మర్’ స్పెల్లింగ్ నాకు ఎప్పటి నుంచో వచ్చు. ఎక్కడి సమ్మరో మాత్రం తెలియదు. ఆ తర్వాత ముప్ఫయ్యేళ్లు పిల్లలకి ఇంగ్లీష్ చెప్పాను. ఏ దేశపు బతుకుతోనూ ముడిపడని ఇంగ్లీష్ పరీక్ష అయ్యేదాకా కూడా నిలవదని వాళ్ల దగ్గరే చూశాను. గ్రామర్ రోజూ గంట చదువు, అది తప్పదు. ఆ దేశాన్ని మాత్రం వదలకు.

అయితే పచ్చికొండలు, గొర్రెలు, క్రికెట్ దగ్గర ఆగిపోకు. 1840 ఫిబ్రవరి 6న వైతాంగి అనే చోట బ్రిటిష్ రాణి తరఫువాళ్లకీ, అక్కడి మూలవాసులైన మావోరీల పెద్దలకీ ఒప్పందం కుదిరింది. రెండు భాషల్లో రాశారు. ఇంగ్లీష్ ప్రతిలో పెద్దలు రాణికి ‘సావరిన్టీ’ ఇచ్చేస్తున్నట్టు ఉంది, అంటే సార్వభౌమాధికారం. మావోరీ ప్రతిలో అదే చోట ‘కావనతంగ’ అని ఉంది. ‘గవర్నర్’ అన్న మాట మావోరీ నోట ‘కావన’ అయింది, దాని మీద కట్టిన మాట ఇది. పరిపాలన అని అర్థం. పెద్దల్లో చాలా ఎక్కువమంది సంతకం పెట్టింది మావోరీ ప్రతి మీదే. పాలన చూసుకోమన్నామా, రాజ్యమే రాసిచ్చేశామా అన్న వాదన నేటికీ తెగలేదు. ఒక్క మాట అనువాదం మీద ఇంత నడిచింది. భాష చదువుకునే ప్రతి పిల్లా పిల్లాడూ ఇది తెలుసుకోవాలని నా కోరిక.

ఒకప్పుడు అక్కడి బడుల్లో మావోరీ మాట్లాడిన పిల్లల్ని కొట్టేవారు. 1982లో ‘కొహంగ రెయో’ అనే శిశుకేంద్రాలు మొదలయ్యాయి. భాషా గూడు అని ఆ పేరుకి అర్థం. అమ్మమ్మలు, తాతయ్యలు వచ్చి కూర్చుని పసివాళ్లతో మావోరీలోనే మాట్లాడేవారు. 1987లో అది అధికార భాష అయింది. ఇది చదివిన రోజు నాకు కన్నీళ్లు ఆగలేదు. ఉద్యోగం కొత్తలో నేను పనిచేసిన ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు మాట్లాడితే రూపాయి ఫైన్. టేబుల్ మీద రేకు డబ్బా ఉండేది. పిల్లల చేత అందులో రూపాయి వేయించినవాళ్లలో నేనూ ఉన్నాను.

‘పెన్’ గురించి కంగారుపడకు. నీ చెవిలో లోపం లేదు. అక్కడివాళ్లు ‘ఎ’ని ‘ఇ’కి దగ్గరగా, ‘ఇ’ని ‘అ’కి దగ్గరగా పలుకుతారు. ‘ఫిష్’ నీకు ‘ఫష్’లా వినిపిస్తుంది. ఆవిడనడిగి, అయిదు నిమిషాలు పేపర్ చదివించి రికార్డు చేసుకుని వారమంతా విను. ఆ యాసని అనుకరించవద్దు. మన శ్రీకాకుళం యాసని బయటివాళ్లు అనుకరిస్తే మనకి ఎలా ఉంటుందో నీకు తెలుసు.

ఇప్పుడు నీకో పని. కార్తీక మాసంలో రాత్రి ఎనిమిదింటికి ఆర్కే బీచ్‌లో సముద్రం వైపు నిలబడి పైకి చూడు. చిన్న గుత్తిలా మిణుకుమనే చుక్కలు కనిపిస్తాయి. మా అమ్మ వాటిని పిల్లలకోడి అనేది. అవే కృత్తికలు, ఆ మాసానికి పేరిచ్చినవి. మావోరీలు ఆ చుక్కల్నే ‘మతారికి’ అంటారు. వాళ్ల చలికాలంలో, జూన్ జూలైల్లో, తెల్లవారుజామున అవి తూర్పున మళ్లీ కనిపిస్తే కొత్త సంవత్సరం వచ్చినట్టు. 2022 నుంచి దానికి దేశమంతటా సెలవు. ఆ సంవత్సరంలో చనిపోయినవాళ్లని తలుచుకుంటారు, అందరూ కలిసి తింటారు. ఒక్కో చుక్క ఒక్కోదానికి గుర్తు. ‘వైతా’ది సముద్రం. పోయినవాళ్ల చుక్క పేరు ‘పొహుతుకావా’. నాన్న తెచ్చిన కేలండర్‌లో ఎర్రగా పూసిన ఆ చెట్టు పేరు కూడా అదే.

వచ్చే ఆదివారం ఆవిడని మతారికికి వాళ్లింట్లో ఏం వండుతారో అడుగు. మన వనభోజనాల గురించి నువ్వు చెప్పు. పులిహోరని ‘టామరిండ్ రైస్’ అనెయ్యకుండా పులిహోర అనే చెప్పి, ఎలా కలుపుతామో ఇంగ్లీష్‌లో వివరించు. పోపు దగ్గర మాట దొరక్కపోతే నాకు రాయి.