రేవు గురించి మే నెలలోనే అడగండి

(గోదావరి లంక గ్రామాల్లో 30 ఏళ్లకు పైగా పంచాయతీ కార్యదర్శిగా పనిచేసి రిటైరైన మన సలహాదారు, ఈసారి లంకల నుంచి వచ్చిన మూడు ఉత్తరాలకు జవాబిస్తున్నారు.)

ప్రశ్న: మాది ఏటి మధ్య లంక. జులైలో మట్టిబాట కొట్టుకుపోయిందంటే మళ్లీ వేసేదాకా పడవే దిక్కు. మనిషికి ఒక రేటు, సైకిలుకు ఒకటి, పాలక్యానుకు ఇంకొకటి. రేవును వేలం పాటలో దక్కించుకున్న పాటదారు నోటికొచ్చిందే లెక్క. పిల్లలకు లైఫ్ జాకెట్లు లేవేమని అడిగితే "ఇన్నేళ్లలో ఎవరు మునిగారు?" అంటాడు. ఎవరికి చెప్పుకోవాలి?
– ఒక పాఠకురాలు, డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ కోనసీమ జిల్లా (ఊరి పేరు వేయొద్దన్నారు)

జవాబు: అమ్మా, ముందు ఆ మాటకే జవాబు చెబుతాను. మునిగారు. 2018 జులై 14న, అప్పటి తూర్పు గోదావరి జిల్లా ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర, కడుతున్న వంతెన స్తంభానికి కొట్టుకుని నాటుపడవ బోల్తాపడింది. పోయినవాళ్లలో బడిపిల్లలున్నారు. ఆ మాట అన్న మనిషికి ఈ తేదీ చెప్పండి. మీ అర్జీలో కూడా రాయండి.

ఇక పని సంగతి. రేవు పాట కొన్నిచోట్ల పంచాయతీ పాడిస్తుంది, కొన్నిచోట్ల మండల పరిషత్తో జిల్లా పరిషత్తో. మీ రేవు ఎవరి కింద ఉందో గ్రామ సచివాలయంలో అడిగి తెలుసుకోండి. తెలిశాక సమాచార హక్కు చట్టం కింద ఆ కార్యాలయానికి ఒక కాగితం పెట్టండి: "ఈ ఏడాది రేవు పాట షరతులు, ఆమోదించిన రేట్ల పట్టిక, పాటదారుతో రాసుకున్న ఒప్పందం నకళ్లు ఇవ్వండి." అంతకు మించి ఒక్క ముక్క అక్కర్లేదు. గ్రామస్థాయి కార్యాలయానికైతే రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ పట్టిక చేతికొచ్చాక, దాన్ని పెద్ద అక్షరాలతో రేవులో బోర్డు కట్టించమని అడగండి. రేటు అందరి కళ్ల ముందూ ఉంటే పాటదారు నోటితో పనిలేదు.

ఇదంతా మే నెలలోనే మొదలుపెట్టమంటున్నాను. అప్పుడైతే జూన్‌లో కాగితం వస్తుంది, వరద ఎర్రనీరు వచ్చేలోపు బోర్డు లేస్తుంది. ఆగస్టులో మీరు ఎంత మొత్తుకున్నా ఆఫీసులో ఉండేది అటెండరొక్కడే, మిగతా అందరూ వరద డ్యూటీల్లో ఉంటారు. వాళ్లను తప్పుపట్టలేం.

జాకెట్ల అర్జీ మాత్రం లెక్కతో రాయండి. "రేవులో తగు సౌకర్యాలు కల్పించ ప్రార్థన" అన్న అర్జీలు నా చేతుల మీదుగా వందలు పోయాయి. వాటిమీద "తగు చర్య నిమిత్తం" అని రాసి పైకి పంపడం తప్ప ఎవరూ ఏమీ చేయలేరు. ఒక లంకలో పనిచేసేటప్పుడు నేనే నోటుబుక్కు పట్టుకుని మూడు రోజులు తెల్లారేసరికి రేవులో కూర్చున్నాను. మొదటి ట్రిప్పు పాలవాళ్లది. పడవ ముందుభాగం నిండా క్యాన్లు, వాటి మధ్య కాళ్లు ఇరికించుకుని మనుషులు. రెండోది బడిపిల్లలది. సంచులు తడవకుండా నెత్తిన పెట్టుకుని నిలబడేవాళ్లు. అంటే పట్టుకోవడానికి ఒక్క చెయ్యి కూడా ఖాళీ లేదు! ఏ ట్రిప్పులో ఎందరు, అందులో పిల్లలెందరు, జాకెట్లెన్ని – మూడు రోజుల లెక్క ఒక పేజీలో రాసి అర్జీకి జతచేశాను. ఆ పేజీ చూసిన అధికారి మరుసటి వారం తానే రేవుకొచ్చి ఆ రెండో ట్రిప్పు ఎక్కారు. జాకెట్లు వచ్చాయి. మీ ఊళ్లో డ్వాక్రా అక్కచెల్లెళ్లు నలుగురు వంతులేసుకుంటే ఈ లెక్క తేలికే.

ప్రతి సోమవారం అమలాపురం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరుగుతుంది. అక్కడిచ్చిన అర్జీకి నంబరు వేస్తారు. ఆ నంబరు చీటీ దాచుకోండి. అంత దూరం పోలేకపోతే 1100కి ఫోన్ చేసినా ఫిర్యాదు నమోదవుతుంది.

ప్రశ్న: మా కోడలికి ఆగస్టు మూడో వారంలో నెలలు నిండుతాయి. లంకలో ఉంచుకోవాలా, బయటికి పంపాలా? "108 వస్తుందిలే" అంటున్నాడు మావాడు.
– ఒక అత్తగారు, వశిష్ఠ గోదావరి లంక

జవాబు: పంపేయండమ్మా. 108 అవతలి గట్టు దాకా వస్తుంది. ఏరు దాటడం మన చేతుల్లోనే ఉంది.

ఒక వరద రాత్రి నొప్పులొస్తున్న అమ్మాయిని నులకమంచం మీద మోసుకుంటూ రేవుకు తెచ్చారు. నీళ్లు రేవు మెట్లన్నీ మింగేసి కొబ్బరితోటలోకి వచ్చేశాయి. మంచాన్ని పడవలోకి ఎలా ఎక్కించాలో ఎవరికీ తోచలేదు. చివరికి ఆ అమ్మాయే లేచి, ఇద్దరి భుజాలు పట్టుకుని మోకాల్లోతు నీళ్లలో నడిచి ఎక్కింది. సెల్‌ఫోన్ లైట్లు తప్ప వెలుతురు లేదు. తల్లీబిడ్డా బతికారు. అయినా ఆ రాత్రి తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ధవళేశ్వరంలో మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకు ఇస్తారు. చాలా లంకల బాటలు అంతకుముందే తెగిపోతాయి. అందుకని ఆ హెచ్చరిక కోసం కాచుక్కూర్చోవద్దు. ఎగువనున్న భద్రాచలం మీద చెవి వేయండి. అక్కడ 43 అడుగులు దాటిందంటే మనకు మిగిలింది ఇంచుమించు ఒక రోజు.

నెలలు దగ్గరపడిన గర్భిణులను వరదకు ముందే ఆసుపత్రులకు చేర్చడానికి వైద్యశాఖ జాబితా రాస్తుంది. మీ కోడలి పేరు, తేదీ అందులో ఉన్నాయో లేదో ఆశా కార్యకర్తనీ ఏఎన్‌ఎంనీ ఇప్పుడే అడగండి. పుట్టిల్లు గట్టు మీదుంటే జులై చివరికల్లా పంపించేయండి. ఆమె పరీక్షల కాగితాలు, ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ) కార్డు, ఆధార్ ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి, మూతి కట్టి ఇవ్వండి. మీ అబ్బాయికి కోపమొస్తే రానివ్వండి, బిడ్డను ఎత్తుకున్నాక అదే పోతుంది.

ప్రశ్న: 2022 వరదల్లో మా ఇల్లు మునగలేదుగానీ, చుట్టూ నీళ్లు. రోజుల తరబడి బయటికి రాలేదు. సాయం జాబితాలో మా పేరు లేదు. మళ్లీ వరదొస్తే ఏం చేయాలి?
– ఒక కౌలురైతు

జవాబు: బాబూ, 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. అప్పుడు కుటుంబానికి 25 కిలోల బియ్యం, కందిపప్పు, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, పామాయిల్‌తో పాటు 2,000 రూపాయలు ఇచ్చారు. జాబితాను సచివాలయంలో గోడకు అంటిస్తారు. అంటించిన రోజే చూసుకోవాలి. పేరు లేకపోతే ఆ రోజే రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, రెండో కాపీ మీద తేదీతో సంతకం తీసుకోండి. నోటిమాటగా చెప్పి వచ్చేస్తే మీ అభ్యంతరం ఎక్కడా ఉండదు.

ఇంటి గుమ్మంలో నిలబడి, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో కనబడేట్టు రోజుకో ఫొటో తీయండి. బాట, విద్యుత్ స్తంభం లాంటి గుర్తు ఏదైనా అందులో పడాలి. మీరు కౌలుదారు కాబట్టి పంట సంగతి వేరు. ఆ పొలం మీరే సాగు చేస్తున్నారని చూపే సాగుదారు హక్కు పత్రం ఈ ఏడాది తీసుకున్నారా? తీసుకోకపోతే ఈ పత్రిక పక్కన పెట్టి రేపు పొద్దున్నే వీఆర్వో దగ్గరికి వెళ్లండి.