వైట్‌వాల్ టైర్లు గోధుమరంగుకి తిరిగాయి, బ్లీచ్ వాడొచ్చా? వద్దు, గిన్నెలు తోమే ప్యాడ్ చాలు

మీరు అడిగింది ఇదీ: 1965 మస్టాంగ్ కారు కొన్నారు, టైర్ల పక్కభాగం మీద ఉండే తెల్లపట్టీ, అదే వైట్‌వాల్, టీ డికాక్షన్ రంగులో ఉంది, కార్ వాష్‌లో ఎన్నిసార్లు కడిగించినా పోవడం లేదు, బ్లీచ్ పోసి రుద్దనా అని.

పోయకండి. మొదటిసారికి బాగానే తెల్లబడినట్టు కనిపిస్తుంది, అక్కడే మోసపోతాం. బ్లీచ్‌కి రబ్బరు ఎండిపోతుంది, సన్న పగుళ్లు వస్తాయి, ఆ పగుళ్లలో మురికి చేరిందంటే ఇక దేనికీ వదలదు.

నాది 1964 ఇంపాలా. డెట్రాయిట్ శివార్లలో ఉంటాం. బండి నా దగ్గరికొచ్చి ఎనిమిదేళ్లయింది. అందులో మొదటి రెండేళ్లు టైర్ల విషయంలో చేయకూడనివన్నీ చేశాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నా.

ముందు ఆ గోధుమరంగు ఎక్కడిదో తెలియాలి. నేను కూడా రోడ్డు మురికి అనే అనుకున్నా. కొంత మురికీ, బ్రేకుల పొడీ ఉంటాయి నిజమే, కానీ అసలు మరక లోపలినుంచి వస్తుంది. గాలిలోని ఓజోన్ వాయువుకి పగలకుండా టైరు రబ్బరులో కొన్ని రసాయనాలు కలుపుతారు. అవి మెల్లగా పైకి ఊరుతూ ఉండాలి, అదే వాటి పని. పైకొచ్చి గాలి తగిలాక గోధుమరంగుకి తిరుగుతాయి. నల్లటి చోట మన కంటికి పెద్దగా ఆనదు, తెల్లపట్టీ మీదికి పాకితే దాక్కోడానికి చోటుండదు. అందుకే తెల్ల రబ్బరులో మరక పడని రకం రసాయనాలు వాడతారు, అయినా పక్కనున్న నల్ల రబ్బరు ఊరుకోదుగా.

దీన్ని ఇంకా ఎక్కువ చేసేది మనం నిగనిగలాడాలని పూసే టైర్ షైన్. నా మొదటి తప్పు అదే. ప్రతి ఆదివారం నల్లభాగానికి దట్టంగా పూసేవాణ్ణి. బండి కదలగానే అది పట్టీ మీదికి చిమ్మేది. జిడ్డుకి దుమ్ము అంటుకునేది, నెల తిరిగేసరికి పట్టీ పసుపు రాసినట్టయ్యేది. మళ్లీ తోమడం, మళ్లీ పూయడం. షైన్ మానేశాకే ఈ గోల తగ్గింది. మీ బండికి కార్ వాష్‌వాళ్లు చివర్లో ఏదైనా స్ప్రే కొడుతున్నారేమో చూడండి. కొడుతుంటే వద్దని గట్టిగా చెప్పండి.

రెండో తప్పు ఇంకా ఖరీదైనది. ఇక్కడ వుడ్‌వార్డ్ రోడ్డు మీద ఏటా ఆగస్టు మూడో శనివారం పాతకార్ల ఊరేగింపు జరుగుతుంది, 1995 నుంచీ ఉంది. దానికి ముందురోజు మధ్యాహ్నం ఘాటైన వైట్‌వాల్ క్లీనర్ ఒకటి తెచ్చి, ఎర్రటి ఎండలో, నాలుగు టైర్లకీ ఒకేసారి కొట్టేశాను. మూడో చక్రం దగ్గరికి వచ్చేసరికి మొదటి చక్రం మీద అది ఎండిపోయింది. పాత ఓనరు బిగించిన అల్యూమినియం వీల్స్ మీద కన్నీళ్లు కారినట్టు తెల్లటి చారలు. పాలిష్ పెట్టించినా పూర్తిగా పోలేదు. ఆ క్లీనర్లలో క్షారం గట్టిగా ఉంటుంది, అల్యూమినియానికి పడదు. చేతులకీ పడదనుకోండి, రెండు రోజులు వేళ్లు మండాయి.

మా పక్కింటి పెద్దాయన ఇదంతా గరాజ్ లోంచి చూస్తూనే ఉన్నాడు. కార్ల ఫ్యాక్టరీలో రిటైరైన మనిషి. ఏమీ అనకుండా లోపలికి వెళ్లి, వంటింట్లో వాడే సబ్బుతో కూడిన స్టీల్ ఊల్ ప్యాడ్లు ఒక పెట్టె తెచ్చి చేతిలో పెట్టాడు. ఎస్‌ఓఎస్, బ్రిల్లో అని ఏ కిరాణా షాపులోనైనా దొరుకుతాయి.

అప్పటినుంచీ నేను చేసేది ఇది. బండిని నీడలో పెట్టి టైరు చల్లారనిస్తాను. ఒక్కో చక్రం పూర్తిచేశాకే రెండోది. ముందు పైపుతో బాగా తడిపి ఇసుకంతా పోగొడతాను, లేకపోతే ఆ ఇసుకతోనే రుద్దినట్టవుతుంది. బకెట్లో గోరువెచ్చటి నీళ్లు, రెండు చుక్కలు అంట్లసబ్బు. ప్యాడ్ ముంచి పట్టీ మీద చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు తిప్పుతాను, బలం పెట్టను. నాలుగైదు తిప్పులకే నురగ కాఫీ రంగులోకి మారుతుంది, చూడ్డానికి భలే ఉంటుంది. అది ఎండకముందే కడిగేసి, తెల్ల గుడ్డతో తుడిచి చూస్తాను. గుడ్డకి ఇంకా రంగు అంటుతుంటే మరో విడత. చివర్లో మాత్రం నీళ్లు ధారాళంగా పోయాలి. స్టీల్ ఊల్ తునకలు మిగిలితే తెల్లారేసరికి తుప్పు చుక్కలు కనిపిస్తాయి. ప్యాడ్‌ని క్రోమ్‌కీ పెయింటుకీ అస్సలు తగలనివ్వకండి.

ఒకసారి తెనాలి నుంచి అమ్మ వచ్చినప్పుడు నేనిలా కూర్చుని తోముతుంటే చూసి, "అంట్లు తోమమంటే నడుం నొప్పంటావు, బండి చక్రానికి మాత్రం రాదేం రా?" అంది. తర్వాత తనే దగ్గరకొచ్చి సబీనా ఉంటే ఒక్క దెబ్బకి పోయేదని సలహా. పోతుందేమో గానీ పొడి గరుకుగా ఉంటుంది, నేను సాహసించలేదు. వంటసోడా ముద్దలా కలిపి రుద్దితే కొంచెం మెత్తగా పనిచేస్తుంది. వారానికోసారి పైపైన తుడవడానికైతే మ్యాజిక్ ఎరేజర్ అని అమ్మే తెల్ల స్పాంజి చాలు.

పెట్రోలు, థిన్నర్, కిరోసిన్, ఇనప తీగల బ్రష్ జోలికి పోవద్దు.

ఇక ఉప్పుకాగితం. పేవ్‌మెంట్ అంచుకి ఒరుసుకుని పడిన నల్లటి గీతలు సబ్బుకి పోవు. వాటికి 400 నంబరు వాటర్ పేపర్ తడిపి రెండు మూడు సార్లు మెల్లగా రాస్తే చాలు. నేను తొందరపడి అంతకంటే చాలా గరుకైన 120 నంబరుది తీసుకుని గీరాను. ఎందుకు తప్పంటే, తెల్లపట్టీ పెయింటు కాదు, పక్కగోడలో పొదిగిన తెల్ల రబ్బరు పొర. దానిమీద పల్చటి నల్ల పొర వేసి, ఫ్యాక్టరీలో పట్టీ మేరకు సాన పట్టి తెలుపు బయటికి తీస్తారు. అంటే మన దగ్గరున్నది లెక్క ప్రకారం ఇచ్చిన తెలుపు. నా వెనక ఎడమ టైరులో ఆ తెలుపు అయిపోయి, కింద నలుపు బొట్టంత కనిపిస్తోంది. పార్క్ చేసినప్పుడు ఆ బొట్టు కిందికి వచ్చేలా నిలబెట్టుకోవడం తప్ప దానికి మందు లేదు.

ఇంకో మాట. అసలు తొలినాళ్ల టైర్లు తెల్లగానే ఉండేవి. గట్టిదనం కోసం కార్బన్ బ్లాక్ కలిపాకే నల్లబడ్డాయి. కొన్నాళ్లు ఖర్చు తగ్గించడానికి రోడ్డుకి తగిలే భాగంలోనే అది కలిపేవారు, పక్కలు తెల్లగా మిగిలేవి. చవకరకం గుర్తు కాస్తా తర్వాత షోకు అయింది, లోకం తీరే అంత. 1957 క్యాడిలాక్ ఎల్డొరాడో బ్రోమ్‌తో పట్టీ సన్నబడడం మొదలై, 1962 నాటికి వెడల్పు పట్టీల కాలం అయిపోయింది. కాబట్టి మీ 65 బండికి సన్నపట్టీయే సరైనది. తోమే పని కూడా తక్కువ, సంతోషించండి.

కొత్త టైర్లు వేయిస్తే పట్టీ నీలంగా వస్తుంది. కంగారు పడకండి, అది రక్షణకు వేసిన పూత. రోడ్డెక్కకముందే గోరువెచ్చటి నీళ్లతో తడిపి మెత్తటి బ్రష్‌తో కడిగేయండి. ఉంచేస్తే మరక అవుతుంది. విప్పిన టైర్లు దాచేటప్పుడు తెలుపు వైపుకి తెలుపు, నలుపు వైపుకి నలుపు ఆనేలా పేర్చండి. తెలుపుకి నలుపు ఆనిందంటే చలికాలం పోయేసరికి కాఫీ మరక ఖాయం.

ప్యాడ్లు కొనేముందు ఒక్కటి చూడండి. టైరు పక్కన డాట్ (DOT) అనే ఇంగ్లిష్ అక్షరాలున్న వరస చివర నాలుగంకెలు ఉంటాయి. 2314 అంటే 2014లో 23వ వారం తయారైందని. మీ టైర్లు పదేళ్లు దాటి ఉంటే, పక్కన పగుళ్లు కనిపిస్తుంటే, తోమే శ్రమ పెట్టుకోకండి, మార్చేయండి. ఆ అంకెలు ఇక్కడ రాస్తే మిగతాది చూద్దాం.