పద్దెనిమిది నిండేలోపు పిల్లలకు ఏం నేర్పాలి: స్పెషల్ టీచర్ల శిక్షణ గురించి నా అనుభవం

కర్నూలులో స్పెషల్ టీచర్లకు రెండు రోజుల శిక్షణ పెడుతున్నాం, పెద్ద పిల్లలను బడి తర్వాతి జీవితానికి తయారుచేయడం గురించి ఏం చెప్పించాలి అని నిర్వాహకులు నన్ను అడిగారు. నేను అనంతపురం జిల్లాలో, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రంలో పన్నెండేళ్లుగా చేస్తున్నాను. నేను చెప్పేది ఒకటే. ఒక రోజు పూర్తిగా హాలు బయట గడపండి. టీచర్లను పిల్లలతో పాటు అంగడికి, బస్టాండుకు, బ్యాంకుకు పంపండి.

ఎందుకంటే, మేధో వైకల్యం ఉన్న పదహారేళ్ల అబ్బాయి ఒకడు నా దగ్గర నోట్లన్నీ గుర్తుపట్టేవాడు. అట్టల మీద అతికించిన బొమ్మ నోట్లు. యాభై ఏదంటే టక్కున తీసిచ్చేవాడు. ఒకరోజు వీధి చివరి అంగడికి తీసుకుపోయాను. "ఏం కావాలప్పా?" అని అంగడాయన అడిగితే వాడు నా ముఖం చూశాడు. బిస్కెట్ ప్యాకెట్ అని నేనే చెప్పేశాను. వాడు నోటు ఇచ్చి, చిల్లర తీసుకోకుండానే వెనక్కి తిరిగాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నోట్లు నేర్పాను గానీ అడగడం నేర్పలేదు.

ఆ తర్వాత నాలుగు నెలలు ప్రతి మంగళవారం అదే అంగడి. మొదట వాడి పక్కనే నిలబడ్డాను, తర్వాత మెట్ల దగ్గర, చివరికి రోడ్డవతల వేపచెట్టు కింద. వాడు పది సెకన్లు మాట్లాడకపోతే మన నోరు ఊరుకోదు. టీచర్లకు ప్రాక్టీసు కావాల్సింది అక్కడే. వాడంతట వాడు "చిల్లర" అని చెయ్యి చాపిన రోజు అంగడాయనే నన్ను కేకేసి పిలిచాడు.

2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ఈ పిల్లలకు ఉచిత చదువు 6 నుంచి 18 ఏళ్ల వరకే. పదిహేడో ఏట మొదలుపెడితే టైమ్ చాలదు, పద్నాలుగుకే మొదలుపెట్టమని చెప్పండి. సికింద్రాబాద్‌లోని ఎన్‌ఐఈపీఐడీ (మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే జాతీయ సంస్థ) వాళ్ల చెక్‌లిస్టు ఎఫ్‌ఏసీపీలో, అంటే పిల్లాడికి ఏ పనులు వచ్చో చూసుకునే పట్టికలో, ప్రీ వొకేషనల్ (ఉపాధి పనులకు ముందు దశ) భాగం ఉంది. చాలామంది దాన్ని నింపి బీరువాలో పెట్టేస్తారు. అందులోంచి ఒక్కో పిల్లాడికి రెండే పనులు తీసుకుని ఏడాదంతా బయట చేయిస్తే చాలు.

ఒక పూట తల్లిదండ్రులకు కూడా ఇవ్వండి. ఆ అబ్బాయి వాళ్ల నాన్న మొదట ఒప్పుకోలేదు, రోడ్డంటే భయం ఆయనకు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద, 18 దాటిన బిడ్డకు అవసరమైతే సంరక్షకుణ్ణి నియమించే స్థానిక కమిటీ జిల్లాలోనే ఉంటుందని చాలా ఇళ్లలో తెలీదు. అది టీచరే చెప్పాలి.

బయటికి పోయే రోజు జంటలుగా పంపండి, ఒక టీచరుకు ఒక పిల్లాడు. అంగట్లో టీచరు నోరు తెరవకూడదని ముందే గట్టిగా చెప్పండి.