సృజనాత్మకత మీద పీహెచ్‌డీ: ఉద్యోగం మానేసి 40 లక్షల అప్పు చేయాలా?

ప్రశ్న: నమస్కారమండీ. నాకు 33 ఏళ్లు నిండి నాలుగు నెలలు. చందానగర్‌లో ఉంటాం. నానక్‌రామ్‌గూడలో ఒక కంపెనీలో యూజర్ రీసెర్చ్ విభాగంలో చేస్తున్నాను. చేరి నాలుగేళ్ల నాలుగు నెలలైంది. సైకాలజీలో ఎం.ఏ. చేశాను. నాకు చేతికి నెలకు 1,25,000, మావారికి 95,000 వస్తాయి. హోమ్ లోన్ ఈఎంఐ 46,000, ఇంకా 38 లక్షల బాకీ ఉంది. ఇంటి ఖర్చు 58,000, పాప స్కూలు ఫీజు ఏడాదికి 1,60,000, ఇన్సూరెన్స్‌లకు నెలకు 5,000 లెక్కన, సిప్‌లకు 30,000 పోతాయి. ఎఫ్‌డీలు 9 లక్షలు, మ్యూచువల్ ఫండ్స్ 14 లక్షలు, పీఎఫ్‌లో 11 లక్షలు ఉన్నాయి.

చిన్నప్పుడు తాతగారి వెంట అవధానాలకు వెళ్లేదాన్ని. ఆ క్షణంలో అవధాని బుర్రలో ఏం జరుగుతుందో సైకాలజీ, భాషాశాస్త్రం, సాహిత్యం మూడూ కలిపి చదవాలని ఎప్పటి నుంచో కోరిక. అమెరికాలో ఒక యూనివర్సిటీ అచ్చంగా సృజనాత్మకత మీదే డాక్టరేట్ ఇస్తోంది. క్లాసులు చాలావరకు ఆన్‌లైన్‌లోనే, ఏడాదికి రెండుసార్లు వెళ్లి వస్తే చాలు. ఫీజు ఏడాదికి 18 లక్షల చొప్పున మూడేళ్లు. 40 లక్షలు ఎడ్యుకేషన్ లోన్ తీసుకుని, మిగతాది ఫండ్స్ అమ్మి కట్టి, ఉద్యోగం మానేద్దామనుకుంటున్నాను. మావారేమో "చదువుకో, అప్పు మాత్రం వద్దు" అంటున్నారు. ఏం చేయమంటారు?

— ఒక పాఠకురాలు, చందానగర్

జవాబు: పీహెచ్‌డీ చేయండి. దానికోసం అప్పు చేయకండి, ఫండ్స్ అమ్మకండి. మీవారు చెప్పింది సరైన మాటే. కాకపోతే అప్పు లేకుండా ఎలా చదవాలో ఆయన చెప్పలేదు, అది నేను చెబుతాను.

ముందుగా మీ అంశం గురించి ఒక మాట. డబ్బు లెక్కలు చూసేవాడికి ఇదెందుకు అనుకోవద్దు, నా సలహా అంతా దీని మీదే ఆధారపడి ఉంది. అవధానంలో నిషిద్ధాక్షరి అనే అంశంలో అవధాని ఒక అక్షరం చెప్పగానే పృచ్ఛకుడు, అంటే ప్రశ్న వేసే పండితుడు, తర్వాతి అక్షరాన్ని నిషేధిస్తాడు. రాబోయే మాటను ఊహించి మరీ దారి మూసేస్తాడు. అవధాని అక్కడికక్కడే ఇంకో దారి వెతకాలి, ఛందస్సు తప్పకూడదు, అర్థం చెడకూడదు. మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసేవారు వచ్చి ధ్యాస మళ్లిస్తుంటారు. చివరికి అన్ని పద్యాలూ ధారణ చేసి అప్పగించాలి. అడ్డంకులు పెరిగినకొద్దీ బుర్ర కొత్తదారి ఎలా పడుతుందో చూడటానికి ఇంతకంటే మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది? 1950లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ అధ్యక్షోపన్యాసంలో సైకాలజిస్టు గిల్‌ఫర్డ్, మన శాస్త్రం సృజనాత్మకతను పట్టించుకోవడం లేదని నిలదీశాక ఈ రంగం ఊపందుకుంది. అవధానాన్ని ఆ కళ్లతో చూడాల్సిన పని చాలానే ఉంది. ఆ పనికి కావాల్సిన అవధానులు, పృచ్ఛకులు, సభలు, పద్యం విని తప్పు పట్టగల పెద్దలు అందరూ తెలుగు నేల మీదే ఉన్నారు. 54 లక్షలు కట్టి ఆన్‌లైన్‌లో కూర్చున్నా, మీ అసలు పనికి మళ్లీ ఇక్కడి సభలకే రావాలి.

ఇక మీ లోన్ లెక్క. 40 లక్షలు, 11 శాతం వడ్డీ, పదేళ్లు అనుకుంటే ఈఎంఐ సుమారు 55,100. ఇంటి ఈఎంఐతో కలిపితే నెలకు 1,01,100 అవుతుంది. మీవారి జీతం 95,000. అంటే మీకు వెంటనే ఉద్యోగం దొరక్కపోతే, ఇంట్లో పాల ప్యాకెట్ కొనకముందే ఆరు వేలు లోటు. చదువుతున్నంత కాలం ఈఎంఐ కట్టక్కర్లేదని బ్యాంకువాళ్లు చెబుతారు, నిజమే. వడ్డీ మాత్రం డబ్బు చేతికిచ్చిన రోజు నుంచే నడుస్తుంది. పైగా ఏడాదికి రెండు విమాన టికెట్లు, వీసా, అక్కడ బస, ఫండ్స్ అమ్మినప్పుడు లాభం మీద పన్ను, రూపాయి పడిపోతే పెరిగే ఫీజు మీ లెక్కలో ఎక్కడా లేవు. లోన్ కాకుండా సొంత డబ్బు పంపితే, ఏడాదిలో పది లక్షలు దాటిన మొత్తం మీద టీసీఎస్ (డబ్బు పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను) కూడా పట్టుకుంటారు. రిటర్న్‌లో తిరిగొస్తుంది, అప్పటిదాకా ఆ డబ్బు ఇరుక్కుపోయినట్టే. ఎడ్యుకేషన్ లోన్ వడ్డీకి పన్ను మినహాయింపు ఉంది కదా అంటారేమో. అది పాత పన్ను విధానంలోనే వర్తిస్తుంది, అసలు మీకు జీతమే లేనప్పుడు ఎవరి పన్నులో తగ్గించుకుంటారు?

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఫిలడెల్ఫియాలో యూనివర్సిటీ ఆఫ్ ది ఆర్ట్స్ అని ఉండేది. మూలాలు 1876 నాటివి. సృజనాత్మకత పేరుతోనే పీహెచ్‌డీ ఇచ్చిన అరుదైన చోటు అది. ఇలాగే ఎక్కువ కాలం క్యాంపస్‌లో ఉండనక్కర్లేని పద్ధతి. 2024 మే 31న మూసేస్తున్నట్టు ప్రకటించారు, జూన్ 7కి మూతపడింది. మధ్యలో ఉన్నది ఒక్క వారం. విద్యార్థులు వేరే చోట్లు వెతుక్కోవాల్సి వచ్చింది. మీరు చూసిన యూనివర్సిటీకి అలా అవుతుందని నేను అనడం లేదు. చదువు ఆగినా అప్పు ఆగదు, అదే నా భయం.

గుర్తింపు విషయం మరింత జాగ్రత్తగా చూడాలి. ఎడ్‌టెక్ (ఆన్‌లైన్ చదువుల) కంపెనీలు విదేశీ సంస్థలతో కలిసి ఇచ్చే ఆన్‌లైన్ పీహెచ్‌డీలకు గుర్తింపు లేదని 2022 అక్టోబరులో మన ఉన్నత విద్యను నియంత్రించే సంస్థలు యూజీసీ, ఏఐసీటీఈ కలిసి హెచ్చరించాయి. మీది నేరుగా యూనివర్సిటీ ఇచ్చేదే కావచ్చు. అయినా రేపు ఇక్కడ అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకి అప్లై చేస్తే ఈ డిగ్రీ మన డిగ్రీకి సమానమని రుజువు అడుగుతారు. పైగా మన దగ్గర పోస్టులు సబ్జెక్టు వారీగా పడతాయి: సైకాలజీ, తెలుగు, లింగ్విస్టిక్స్ అని. సృజనాత్మకత అనే శాఖ ఉండదు. అందుకే అంశం ఎంత విశాలంగా ఉన్నా, డిగ్రీ మీద ఒక తెలిసిన శాఖ పేరు ఉండేలా చూసుకోండి. సైకాలజీలోనో, బుర్ర ఎలా పనిచేస్తుందో చదివే కాగ్నిటివ్ సైన్స్‌లోనో రిజిస్టర్ అయి, సాహిత్యం వైపు నుంచి కో-గైడ్‌ని పెట్టుకోండి. మీ ఆఫీసుకి కూతవేటు దూరంలో గచ్చిబౌలిలోనే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఉంది. అందులో సెంటర్ ఫర్ న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ ఉంది, తెలుగు శాఖ కూడా ఉంది. అదే గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీలో కాగ్నిటివ్ సైన్స్ పరిశోధన నడుస్తోంది. కందిలో ఐఐటీకి లిబరల్ ఆర్ట్స్, డిజైన్ శాఖలున్నాయి, కాకపోతే చందానగర్ నుంచి రోజూ సంగారెడ్డి రోడ్డు మీద వెళ్లి రావాలి. అయిదేళ్ల పెట్రోలు, అలసట కూడా ఖర్చే.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుందంటే, నెట్ (యూజీసీ జాతీయ అర్హత పరీక్ష) ద్వారా ఇచ్చే జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) నుంచి. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ నెలకు 37,000. రెండేళ్లయ్యాక పని చూసి ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్)గా మారిస్తే 42,000. మొత్తం అయిదేళ్లు. రెండేళ్లు 8,88,000, మూడేళ్లు 15,12,000, కలిపితే సరిగ్గా 24 లక్షలు. దీనికి తోడు కంటింజెన్సీ (పరిశోధన చిల్లర ఖర్చుల) కింద హ్యుమానిటీస్ వాళ్లకి మొదటి రెండేళ్లు ఏటా 10,000, తర్వాత 20,500 ఇస్తారు. సభలకు తిరగడానికి, రికార్డింగులకు అవి పనికొస్తాయి. చదువు ఖర్చు కోసం ఇచ్చే స్కాలర్‌షిప్ మీద ఆదాయపు పన్ను ఉండదు.

ఇక్కడే మీకు తొందర ఉంది. జేఆర్‌ఎఫ్‌కి వయోపరిమితి 30, మహిళలకు అయిదేళ్ల సడలింపుతో 35. పరీక్ష ఏడాదికి రెండుసార్లు, జూన్‌లో, డిసెంబర్‌లో. మీకు 35 నిండటానికి ఇరవై నెలలే ఉంది, అంటే మూడు, మహా అయితే నాలుగు అవకాశాలు. మీరు ఉద్యోగం మానేసి తీరిగ్గా ప్రిపేర్ అవుదామనుకుంటే ఆ గడువు దాటిపోవచ్చు. ఉద్యోగం చేస్తూనే రాయండి. రెండు పేపర్లు కలిపి 300 మార్కులు, నెగెటివ్ మార్కులు లేవు. పేపర్ 1లో రీసెర్చ్ ఆప్టిట్యూడ్, డేటా ప్రశ్నలు మీరు ఆఫీసులో రోజూ చేసే పనికి దగ్గరగానే ఉంటాయి. జేఆర్‌ఎఫ్ రాకపోయినా నెట్ స్కోరు పీహెచ్‌డీ అడ్మిషన్‌కి పనికొస్తుంది. అప్పుడు సెంట్రల్ యూనివర్సిటీలో, జేఆర్‌ఎఫ్ లేనివారికి ఇచ్చే నాన్-నెట్ ఫెలోషిప్ నెలకు 8,000 మాత్రమే.

ఈ తేడా మీ ఇంట్లో ఎలా ఉంటుందో చూడండి. సిప్‌లు పక్కన పెడితే మీరు రాసిన ఖర్చులు నెలకు 1,22,300. మీవారి జీతంతో 27,300 లోటు. జేఆర్‌ఎఫ్ వస్తే లోటు పోయి 9,700 మిగులుతుంది. 8,000 మాత్రమే వస్తే నెలకు 19,300 లోటు, అయిదేళ్లకు దాదాపు 11,60,000. అంటే మీ ఫండ్స్‌లో చాలా భాగం కరిగిపోతుంది. కాబట్టి జేఆర్‌ఎఫ్ గానీ దానికి దీటైన ఫెలోషిప్ గానీ చేతికొచ్చాకే రాజీనామా. 35 దాటేలోగా రాకపోతే పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ అడగండి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకుని చేయొచ్చు. ఫెలోషిప్ ఉండదు, జీతం ఉంటుంది. చిన్న పాపతో, ఆఫీసుతో అది కష్టమే. అయినా ఆ 40 లక్షల లోన్ కంటే ఈ కష్టమే నయం.

మీ ఉత్తరంలో నాకు టెన్షన్ పెట్టిన అంకె ఒకటుంది, అది మీరు రాయలేదు. ఇద్దరి జీతాలు 2,20,000. ఖర్చులు, సిప్‌లు కలిపి 1,52,300. నెలకు 67,700 మిగలాలి, అంటే ఏడాదికి ఎనిమిది లక్షల పైమాట. ఇన్నేళ్లకు మీ ఎఫ్‌డీలు 9 లక్షలే. ఆ డబ్బు ఎటో పోతోంది: ఊరి ప్రయాణాలు, పెళ్లిళ్లకు పెట్టుపోతలు, ఆన్‌లైన్ ఆర్డర్లు, ఎవరికో చేబదులు. మీ అసలు ఖర్చు 1,22,300 కాదు. ఎంతో తెలియకుండా ఒక జీతం వదులుకోవద్దు. వచ్చే నెల నుంచి ఇలా చేయండి. మీ జీతంలో 37,000 మాత్రం ఇంటికి ఉంచి, మిగతా 88,000 జీతం పడిన రోజే వేరే ఖాతాలోకి పంపేయండి. సిప్‌లు ఆ ఖాతా నుంచే పోనివ్వండి. ఇంట్లో అందరికీ చెప్పే చేయండి, అత్తమామలకూ తెలియాలి. నాలుగైదు నెలలు అలా గడిస్తే ఫెలోషిప్ మీద బతకగలరు. ఆ ఖాతాను మళ్లీ మళ్లీ ముట్టుకోవాల్సి వస్తే, అసలు ఖర్చెంతో అదే చెబుతుంది.

రాజీనామా తేదీ విషయంలో తొందరపడకండి. అయిదేళ్లు పూర్తయితే గ్రాట్యుటీ వస్తుంది, మీకు ఇంకో ఎనిమిది నెలలే. మీ బేసిక్ 60,000 అనుకుంటే, దాన్ని 26తో భాగించి 15తో, 5తో గుణిస్తే 1,73,000 వరకు వస్తుంది. ఈ డబ్బుకి పని ఉంది. ఫెలోషిప్ జీతంలా ఒకటో తారీఖున పడుతుందని అనుకోవద్దు. చేరిన కొత్తలో కాగితాలు కదలడానికి నెలలు పడుతుంది, తర్వాత అంతా ఒకేసారి పడుతుంది. ఆరు నెలల ఫెలోషిప్ అంటే 2,22,000. గ్రాట్యుటీకి ఇంకో యాభై వేలు కలిపి దీనికోసమే పక్కన పెట్టండి. ఎఫ్‌డీల్లోని 9 లక్షలు అత్యవసర నిధి, వాటిని చదువు డబ్బు కింద లెక్కేయకండి. పీఎఫ్ అసలు తీయకండి. ఉద్యోగం మానేసినా దానికి వడ్డీ పడుతూనే ఉంటుంది, కాకపోతే మానేశాక వచ్చే వడ్డీకి పన్ను కట్టాలి.

ఆరో ఏడాది సంగతి చాలామంది మర్చిపోతారు. పీహెచ్‌డీకి ఆరేళ్ల దాకా సమయం ఉంటుంది, మహిళలకు ఇంకా పొడిగింపులున్నాయి. ఫెలోషిప్ మాత్రం అయిదేళ్లకే ఆగిపోతుంది. మూడు శాస్త్రాలు కలిపి చేసే పని అనుకున్న టైముకి తెమలదు. ఆ ఏడాదికి కనీసం 3,30,000 మీ ఫండ్స్‌లో ఉంచుకోండి. సిప్‌లు ఆపాల్సి వస్తే ఆపండి, ఉన్నవి అమ్మొద్దు.

ఇంత చేసినా నష్టం ఉంది, దాచను. అయిదేళ్లలో మీరు వదులుకునే జీతం 75 లక్షలు, ఫెలోషిప్ 24 లక్షలు పోను 51 లక్షలు. అసిస్టెంట్ ప్రొఫెసర్ మూల వేతనం 57,700తో మొదలవుతుంది, ఆ పోస్టు దొరకడం తేలిక కాదు. ఈ చదువు డబ్బు రూపంలో ఆ 51 లక్షలు తిరిగివ్వకపోవచ్చు. అది తెలిసీ కావాలనుకుంటే, మీ ఇల్లు దాన్ని భరించగలదు. అప్పు లేకపోతేనే భరించగలదు.

చివరగా ఇన్సూరెన్స్. ఆఫీసు హెల్త్ పాలసీ ఉద్యోగంతోపాటే పోతుంది. పాపతో కలిపి ఇంటిల్లిపాదికీ ఒకే కవర్ ఉండే సొంత ఫ్యామిలీ ఫ్లోటర్ పాలసీ ఇప్పుడే తీసుకోండి, పాత జబ్బుల వెయిటింగ్ పీరియడ్‌లో కొంత మీరు ఉద్యోగంలో ఉండగానే గడిచిపోతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి సొంత హెల్త్, లైఫ్ పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. మీ పేరు మీద టర్మ్ పాలసీ లేకపోతే అదీ ఇప్పుడే, జీతం స్లిప్ ఉన్నప్పుడే తీసుకోండి. తర్వాత ఫెలోషిప్ చూపిస్తే అంత కవర్ ఇవ్వరు. మీవారికి ఎంత కవర్ ఉందో మీరు రాయలేదు. 38 లక్షల హోమ్ లోన్, ఒకే జీతం, చిన్న పాప ఉన్న ఇంటికి కోటిన్నర కంటే తక్కువ సరిపోదు. తక్కువ ఉంటే, నెట్ ఫీజు కట్టే ముందు ఆ ప్రీమియం కట్టండి.