చర్చి డ్రమ్ కిట్‌కి సింబల్స్, స్టాండ్లు: డబ్బు ముందు ఎక్కడ పెట్టాలి?

మీరడిగింది ఇదీ: రాజోలు దగ్గర మీ చర్చికి ఐదు డ్రమ్ముల షెల్ ప్యాక్ వచ్చింది. సింబల్స్ లేవు, స్టాండ్లు లేవు, పెడల్ లేదు. హాలు 40 అడుగుల పొడవు, పైన రేకులు. నెలకోసారి కిట్టు ఆటో ఎక్కి బయట కూడికలకి వెళ్తుంది. కొట్టువాళ్ళు నాలుగు ఇత్తడి సింబల్సూ, సన్నకాళ్ళ స్టాండ్లూ కలిపి ఒకే పెట్టెగా చూపిస్తున్నారు, తీసుకోవచ్చా అని.

వద్దండి. ఆ డబ్బుతో సింబల్స్ రెండు రకాలే కొనండి: 14 అంగుళాల హైహ్యాట్ జత (కాలితో మూసి తెరిచే రెండు సింబల్స్), 18 అంగుళాల క్రాష్-రైడ్ (ఒక్కసారి గట్టిగా కొట్టే క్రాష్‌గానూ, లయ నడిపే రైడ్‌గానూ పనికొచ్చేది) ఒకటి. మిగిలింది హైహ్యాట్ స్టాండు, బూమ్ స్టాండు (వాలు చేయి ఉన్న సింబల్ స్టాండు), బేస్ డ్రమ్ పెడల్, స్నేర్ (మోకాళ్ళ మధ్య ఉండే డ్రమ్ము) స్టాండు, స్టూలు మీద పెట్టండి. 20 అంగుళాల రైడ్, పల్చటి క్రాష్ ఏడాది తర్వాత చేరినా కొంప మునగదు. ఇప్పుడు నాసిరకం నాలుగు కొంటే ఆ నాలుగూ మారిస్తే తప్ప కిట్టు బాగుపడదు. అమ్మబోతే ఇత్తడి సెట్టుకి వచ్చేది కూడా అంతంతమాత్రమే.

కంచుకీ ఇత్తడికీ మోతలో తేడా గోదావరి వాళ్ళకి విడమర్చి చెప్పక్కర్లేదు. అజ్జరంలో చేసిన ఇత్తడి బిందె మీద మెటికతో కొట్టి చూడండి, తర్వాత కంచు కంచం మీద కొట్టండి. బిందె టంగుమని ఆగిపోతుంది, కంచం మోగుతూనే ఉంటుంది. సింబల్స్‌లోనూ లెక్క అదే. ఇత్తడి అంటే రాగిలో జింకు, కంచు అంటే రాగిలో తగరం. చౌక సెట్లలో రాగి 63 పాళ్ళు, మిగతాది జింకు. మెయినల్ హెచ్‌సీఎస్, సేబియన్ ఎస్‌బీఆర్, జిల్జియన్ ప్లానెట్ జెడ్ అనే కంపెనీ మోడళ్ళు ఈ కోవవే. నేర్చుకునే పిల్లాడికి ఇంట్లో ఫర్వాలేదు. హాల్లో మాత్రం పళ్ళెం మోత మోగుతాయి, గట్టిగా కొడితే అంచు వంగిపోతుంది.

ఆ పైన బీ8 అనే కంచు: రాగి 92, తగరం 8. రేకు నుంచి గుండ్రంగా కోసి చేస్తారు. మోత పదునుగా, తొందరగా లేస్తుంది. జిల్జియన్ ఐ, సేబియన్ బీ8ఎక్స్, మెయినల్ హెచ్‌సీఎస్ బ్రాంజ్ ఇందులోకి వస్తాయి. బీ8 అనగానే తక్కువరకం అనుకోకండి. 1971లో వచ్చిన పైస్టీ 2002 సిరీస్ కూడా బీ8తో చేసిందే. ఆ పైన బీ20: రాగి 80, తగరం 20. పోత పోసి, సాగగొట్టి, సుత్తిదెబ్బలు వేసి, లేత్ మీద చెక్కుతారు. సేబియన్ ఎక్స్‌ఎస్‌ఆర్, ఏఏఎక్స్, జిల్జియన్ ఏ, కే, మెయినల్ బైజాన్స్ ఈ లోహమే. (1623 నుంచి వస్తున్న జిల్జియన్ పేరులో ‘జిల్’ అంటే తాళం, ‘జీ’ అంటే చేసేవాడు. మన దగ్గర కంచరి అన్నట్టు.) మీ బడ్జెట్‌లో హైహ్యాట్ బీ20, క్రాష్-రైడ్ బీ8 పెట్టుకుంటే సరిపోతుంది. రెండూ ఒకే కంపెనీవి కానక్కర్లేదు. హైహ్యాట్ జత మాత్రం విడదీసి కొనొద్దు.

హైహ్యాట్‌కే ఎందుకంత అంటే, పాట మొదలు నుంచి చివరి వరకు ఆగకుండా మోగేది అదొక్కటే. క్రాష్ చరణం మారినప్పుడు ఒకసారి పడుతుంది. కీర్తనలు నెమ్మదిగా సాగేచోట పుల్ల మొనతో మెల్లగా కొట్టినా ప్రతి దెబ్బా విడివిడిగా వినపడాలి. ఇత్తడి హ్యాట్లలో అది ‘చష్ చష్’మని ఒకటే ముద్ద.

రేకుల హాల్లో పెద్ద తగువు సింబల్ చప్పుడే. పై స్వరాలు రేకుకి తగిలి తిరిగొస్తాయి, పాటగాళ్ళ మైకుల్లో దూరతాయి, డ్రమ్మర్ని నెమ్మదిగా కొట్టమని అందరూ చూస్తారు. (శ్రావణంలో రేకుల మీద వాన పడితే ఏ సింబలూ వినపడదు, అది వేరే సంగతి.) దీనికి మందు పల్చటి సింబల్. చాలామంది తిరగేసి అనుకుంటారు, బరువైనది నెమ్మదిగా మోగుతుందని. బరువైన సింబల్ గట్టిగా బాదితేగాని విచ్చుకోదు, విచ్చుకున్నాక తొందరగా ఆగదు. పల్చటిది చిన్న దెబ్బకే విచ్చుకుని అణుగుతుంది. కాబట్టి సింబల్ మీద థిన్, మీడియం థిన్ అని ఉన్నవి చూడండి. హెవీ, రాక్, పవర్ అని ఉంటే పక్కన పెట్టండి. బయట మైదానంలో సరిపోతుందా అని సందేహం వద్దు, అక్కడ మైకులు ఉంటాయి కదా.

కొట్టుకి వెళ్ళేటప్పుడు వంటింటి తూకం పట్టుకెళ్ళండి. 14 హైహ్యాట్‌లో పైది సుమారు 850 నుంచి 1,000 గ్రాములు, కిందది 1,100 నుంచి 1,350 ఉంటే మీకు సరిపడేది. కిందది పైదానికన్నా బరువుగా ఉండాలి, అప్పుడే కాలితో మూసినప్పుడు ‘చిక్’ శుభ్రంగా వస్తుంది. 18 క్రాష్-రైడ్ 1,500-1,700 మధ్య చాలు. పుల్లలు మీరు రోజూ వాడేవే తీసుకెళ్ళండి. సింబల్ని చేత్తో పట్టుకుని కాదు, స్టాండు మీద పెట్టి కొట్టించండి. మీరు పది అడుగుల దూరంలో నిలబడి వినండి. దగ్గరగా విన్న చోట చెవికి గరుకుగా ఉన్నది దూరానికి చక్కగా ఉండొచ్చు, చక్కగా ఉన్నది దూరానికి చచ్చిపోవచ్చు.

ఇక స్టాండ్లు. హైహ్యాట్ స్టాండులో ముందు చూడాల్సింది మధ్య కడ్డీ. పై ముక్క విప్పి నున్నటి గచ్చు మీద దొర్లించండి. ఎగిరెగిరి దొర్లితే వంకర పోయిందన్నమాట, పెడల్ పట్టేస్తుంది. బిగించేటప్పుడు పై కడ్డీ మరలు చివరిదాకా తిరగాలి. సగంలో వదిలేస్తే కాలు తొక్కిన ప్రతిసారీ ఆ రెండు మూడు మరల మీదే బరువు పడి అవి అరిగిపోతాయి. కింది సింబల్ కూర్చునే గిన్నె పక్కన చిన్న మర ఉంటుంది. దాన్ని కొద్దిగా తిప్పి కింది సింబల్ని ఒకవైపు ఒరిగేలా పెట్టండి. రెండూ సమంగా మూసుకుంటే మధ్యలో గాలి చిక్కి ‘చిక్’ బదులు ‘ఫఫ్’ అంటుంది. ఆ మర లేని స్టాండు కొనకండి. రెండు సింబల్స్ మధ్య సందు 2 నుంచి 2.5 సెంటీమీటర్లు.

క్లచ్ అనేది పై సింబల్ని కడ్డీకి పట్టించే ముక్క. కిట్టు మొత్తంలో పాట మధ్యలో మోసం చేసేది ఇదే. దాని కింది నట్టు అదురుకి ఊడి పడిపోతుంది, పై సింబల్ కింది దాని మీద కూలబడుతుంది. నట్టు మరల మీద ప్లంబర్లు చుట్టే తెల్ల టేపు ఒక చుట్టు వేసి బిగించండి. పైన రెండు నట్లు ఉంటాయి. మొదటిది సింబల్ కొద్దిగా ఊగేలా వదిలి, రెండోదాన్ని దాని మీదకి లాక్ చేయాలి. సింబల్ కదలకుండా బిగిస్తే మోత చచ్చిపోతుంది, అంచు చిట్లుతుంది.

బూమ్ స్టాండుకి ఒక్కో కాలూ రెండు పట్టీలతో ఉండాలి. ఒంటిపట్టీ స్టాండు తేలికపాటి సింబల్‌కే సరి. కాళ్ళు వెడల్పుగా తెరవండి, అయితే నడిమి గొట్టం నేలకి ఆనకూడదు. సింబల్ ఏ వైపు ఉందో ఒక కాలు సరిగ్గా ఆ దిక్కుకే తిప్పి పెట్టండి, లేకపోతే గట్టి దెబ్బకి బూమ్ మొత్తం ముందుకి వాలిపోతుంది. లోపలి గొట్టం కనీసం బెత్తెడు కింది గొట్టంలో ఉండేట్టు చూసుకుని పైకి లాగండి. జారిపోతోందని పట్టకారుతో వింగ్ బోల్టు బిగించేవాళ్ళున్నారు. లోపల నైలాన్ బుష్ ఉంటుంది, అది పగిలితే ఇక ఎంత బిగించినా నిలవదు. జారకుండా ఆపడం మెమరీ లాక్ (గొట్టానికి బిగించే కడియం) పని. అది లేని స్టాండుకి బేరం ఆడినా వృథా.

పెడల్ చైనుదైతే చాలు, డబుల్ చైను అవసరమే లేదు. అడుగు పలకని అటూఇటూ ఊపండి, మడతబందు దగ్గర వదులుంటే మానేయండి. బేస్ డ్రమ్ అంచు చట్రాన్ని (హూప్) పట్టే చోట రబ్బరు లేకపోతే సైకిల్ ట్యూబు ముక్క పెట్టండి. స్టూలు బదులు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుంటే మోచేతులు దాని చేతులకి తగులుతుంటాయి, గంటలో నడుం పట్టేస్తుంది. కూర్చున్నప్పుడు తుంటి మోకాలికన్నా కొంచెం ఎత్తులో ఉండేలా సర్దుకోండి.

కింద జంపఖానా వేయకండి, టైల్స్ మీద కిట్టుతో సహా జారుతుంది. అడుగున రబ్బరు ఉన్న కొబ్బరిపీచు పట్ట 6 అడుగులకి 5 అడుగులు కోయించుకోండి. బేస్ డ్రమ్ కాళ్ళ మొనలు అందులో దిగి నిలబడతాయి. ఆ పట్ట మీదే ఒక్కో స్టాండు కాలు ఎక్కడో రంగు టేపుతో గుర్తు పెడితే, ప్రతి కూడికలో సర్దే అరగంట పది నిమిషాలకి దిగుతుంది.

సింబల్ ఎందుకు పగులుతుందంటే ఎక్కువగా బిగింపు వల్ల, లేదంటే కొట్టే తీరు వల్ల. స్టాండు పైన ఉండే క్రమం కింది నుంచి ఇది: లోహపు వాషర్, ఫెల్ట్ (ఉన్ని బిళ్ళ), సింబల్, మళ్ళీ ఫెల్ట్, వింగ్ నట్. మధ్య బోల్టుకి ప్లాస్టిక్ స్లీవ్ (తొడుగు) తప్పనిసరి. స్లీవ్ అరిగిపోతే ఇనుప మరలు కంచుని ఆకురాయిలా తినేస్తాయి, గుండ్రటి రంధ్రం తాళంచెవి కన్నంలా సాగుతుంది, అక్కణ్ణుంచి పగులు మొదలవుతుంది. కొట్లో స్లీవ్ దొరక్కపోతే మేస్త్రీలు వాడే పారదర్శకపు లెవెల్ ట్యూబు కొనండి. లోపల 8 మిల్లీమీటర్లు, బయట 11 దాటకూడదు, ఎందుకంటే సింబల్ రంధ్రం 12 మాత్రమే. 3 సెంటీమీటర్ల ముక్కలు కోసుకోండి. పాత స్టాండ్లలో బోల్టు 6 మిల్లీమీటర్లది ఉంటుంది కాబట్టి వింగ్ నట్ కొనేటప్పుడు పాతది చేత్తో పట్టుకెళ్ళండి. బిగించాక అంచు వేలితో నొక్కితే సింబల్ ఉయ్యాలలా ఊగాలి. దాన్ని మీ వైపు కొంచెం వంచి పెట్టి, పుల్ల మెడతో పక్కకి జారేలా కొట్టాలి. బల్లపరుపుగా పెట్టి నిలువు దెబ్బలు వేస్తే ఎంత మంచి లోహమైనా చిట్లుతుంది.

పగిలాక వెల్డింగ్ చేయిద్దామంటారు. ఆయ్, కుదరదండి. తగరం ఎక్కువున్న కంచుని ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితేనే దానికి సాగే గుణం నిలుస్తుంది. వెల్డింగ్ వేడికి కాగి మెల్లగా చల్లారిన చోట పెళుసుబారి, అతుకు పక్కనే మళ్ళీ పగులుతుంది. చేయగలిగిందల్లా పగులు కొసకి రెండు మిల్లీమీటర్లు ముందు 3 మిల్లీమీటర్ల రంధ్రం డ్రిల్ వేయడం. కంటికి కనబడే కొసకన్నా అసలు పగులు ముందుకి పోయి ఉంటుంది, అందుకని. డ్రిల్ నిదానంగా తిప్పండి, కింద చెక్క పెట్టండి.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు కుండ కొట్టి చూసినట్టే చూడాలి. రంధ్రంలో వేలు పెట్టి వేలాడదీసి మెల్లగా మీటండి. గరగరమంటే ఎక్కడో పగులుంది. అంచు చుట్టూ గోరు నడిపించండి, వెనక్కి తిప్పి గుబ్బ మొదట్లో వెలుతురుకి పట్టి చూడండి.

మన గాలి సంగతి వేరేగా చెప్పాలి. అంతర్వేది, నర్సాపురం వైపు ఉప్పుగాలికి స్టాండ్ల క్రోమియం పూత బుడగలు లేస్తుంది, మరలు తుప్పు పడతాయి. పంటు మీద రేవు దాటించిన రోజు రాత్రే పొడిగుడ్డతో తుడవండి. మరలకి కుట్టుమిషను నూనె ఒక్క చుక్క చాలు. చేతికి అందింది కదాని కొబ్బరినూనె పోయకండి, అది మార్గశిరం చలికి గడ్డకడుతుంది, తర్వాత జిగురై దుమ్ము పట్టేస్తుంది. నూనె ఏదైనా ఫెల్ట్‌కి తగలకూడదు. సింబల్స్‌ని చింతపండుతోనో, ఇత్తడి సామాన్లు తోమే పొడితోనో రుద్దకండి. బిందె మెరవాలి గానీ సింబల్ మెరవక్కర్లేదు. ఆ పులుపు గాళ్ళలో మిగిలిపోతే చిలుం పడుతుంది, పేరు ముద్ర కూడా చెరిగిపోతుంది. గిన్నెలు కడిగే ద్రవం రెండు చుక్కలు గోరువెచ్చని నీళ్ళలో వేసి, గాళ్ళ వెంబడి గుండ్రంగా తుడిచి, వెంటనే ఆరబెట్టండి. చెమట వేళ్ళతో పట్టుకున్న చోటే ముందు మచ్చ పడుతుంది కాబట్టి అంచు పట్టుకుని ఎత్తండి.

ఆటోలో సింబల్స్ సంచీ నిలువుగా, సీటుకి ఆనించి పెట్టండి. మధ్యలో పాత లుంగీ గుడ్డలు, స్టాండ్లు వేరే గోనెలో. స్టూలు గొట్టానికి ఒక చిన్న సంచీ కట్టి అందులో నాలుగు స్లీవులు, నాలుగు ఫెల్టులు, రెండు వింగ్ నట్లు, డ్రమ్ కీ ఒకటి, అదనపు క్లచ్ ఒకటి ఎప్పుడూ ఉంచండి.