గ్రాము బొగ్గులో అరెకరం

తమ్ముడూ,

కార్ల కోసం హైడ్రోజన్‌ను బొగ్గులో నిల్వ చేయడం గురించి నువ్వు రాసిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. రెండోసారి ఎర్ర పెన్ను పట్టుకుని చదివాను, ఏమీ అనుకోకు.

"కార్బన్ స్పాంజిలా హైడ్రోజన్‌ను పీల్చుకుంటుంది" అని ఎత్తుకున్నావు. ఆ స్పాంజిని నేనూ చాలాకాలం వాడాను. కానీ స్పాంజిని నొక్కితే నీళ్లు బయటికొస్తాయి. ఇక్కడ వ్యవహారం తలకిందులు: పీడనం పెంచితే కార్బన్ హైడ్రోజన్‌ను పట్టుకుంటుంది, తగ్గిస్తే వదిలేస్తుంది. పైగా అది లోపలికి ఇంకదు, సన్నటి రంధ్రాల గోడలకు అంటుకుంటుందంతే. అందుకే అది శోషణ కాదు, అధిశోషణ. నువ్వు ఎగరగొట్టిన ఆ 'అధి'లోనే విషయమంతా ఉంది.

తర్వాత, గ్రాము కార్బన్‌లోని రంధ్రాల గోడలన్నీ పరిస్తే ఫుట్‌బాల్ మైదానమంత అన్నావు. గ్రాము కార్బన్‌లో అంత వైశాల్యం ఎక్కడిదయ్యా? మైదానమంటే దాదాపు 7000 చదరపు మీటర్లు. కొబ్బరి చిప్పల బొగ్గులో పొటాషియం హైడ్రాక్సైడ్ కలిపి, గాలి తగలకుండా 700, 800 డిగ్రీల్లో వేడిచేస్తే గ్రాముకు 2000 చదరపు మీటర్లు వస్తుంది. అంటే అరెకరం. అరెకరం అని రాయి, మన పాఠకుడికి గట్టుతో సహా కనబడుతుంది.

ఇవన్నీ చిన్నవి. నన్ను భయపెట్టింది "బరువులో 5 శాతం నిల్వ చేయవచ్చు" అన్న వాక్యం. ఎంత చలిలో? ఎంత పీడనంలో? హైడ్రోజన్‌కూ కార్బన్‌కూ మధ్య పట్టు చాలా బలహీనం. ద్రవ నైట్రోజన్‌లో ముంచి మైనస్ 196 డిగ్రీలకు దింపి, తగినంత పీడనం పెడితే గ్రాములోని ప్రతి 500 చదరపు మీటర్లకు సుమారు ఒక శాతం చొప్పున నిలుస్తుందని ఈ రంగంలో ఒక మోటు లెక్క. మన అరెకరానికి నాలుగు శాతం. అదే కార్బన్‌ను బయటపెట్టి, మామూలు గది వేడిలో 100 బార్లు (మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి సుమారు వంద రెట్లు) ఎక్కించి చూడు, ఒక శాతం కూడా నిలవదు. ఆకు మీది మంచు ఎండ రాగానే పోయినట్టు పోతుంది. (ఈ పోలికా కుంటిదే. ఆ చలిలో కూడా హైడ్రోజన్ ద్రవం కాదు, దానికి మైనస్ 253 కావాలి.)

ఇంత చాదస్తం ఎందుకంటే, నేను కాలిన చేతులవాణ్ని. 1998లో గ్రాఫైట్ నానోఫైబర్లు (అతి సన్నటి కార్బన్ పోగులు) గది ఉష్ణోగ్రతలో, 120 అట్మాస్ఫియర్ల దగ్గర 67 శాతం హైడ్రోజన్ పట్టుకున్నాయని ఒక పరిశోధన పత్రం వచ్చింది. ఎగిరి గంతేసి ఒక పత్రికకు రాసేశాను. గ్రాము కార్బన్‌లో రెండు గ్రాముల హైడ్రోజన్ అన్నమాట. ఆ గ్యాస్‌ను మామూలుగా వదిలితే 20 లీటర్ల వాటర్ టిన్ను నిండి పొర్లుతుంది. ఆ కూడిక నేను చేసుకుని ఉంటే కలం ఆగేది. తర్వాత ఎవరు ప్రయత్నించినా ఆ అంకె రాలేదు.

ఇలాంటి కొలతలు ఎలా మోసం చేస్తాయో తెలుసా? మూసిన పాత్రలో పీడనం ఎంత పడిపోయిందో చూసి, అంత కార్బన్ పట్టుకుందని లెక్కేస్తారు. జాయింటు దగ్గర గ్యాస్ కారినా పీడనం పడిపోతుంది కదా! కారిపోయిందంతా నిల్వ కింద జమ. ఇలాగే హైడ్రోజన్ పట్టుకుంటాయని చెప్పుకున్న కార్బన్ నానోట్యూబుల (అతి సన్నటి గొట్టాల) కథలోనైతే, నమూనాను కదిలించే అల్ట్రాసోనిక్ ప్రోబ్ కొన నుంచి రాలిన టైటానియం మిశ్రమలోహమే హైడ్రోజన్‌ను పట్టుకుందని 2001లో తేలింది. ఇది నీ వ్యాసంలో పెట్టు. ఆ ముగింపు ఉపన్యాసం కన్నా ఇదే చదువుతారు.

5 పక్కన ఉష్ణోగ్రత, పీడనం వేసి పంపు. "బొగ్గుతో పరుగెత్తే కారు" అన్న శీర్షిక మార్చెయ్. హైడ్రోజన్‌తో నడిచే టొయోటా మిరాయ్ కారులో ఉన్నవి 700 బార్ల ట్యాంకులే, వాటిలో బొగ్గు లేదు.

ఉంటాను,
అన్నయ్య